వెతికితేనే నూరేళ్ళు

ఇంగ్లండులో కొందరు మనుషులున్నారు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూనే, సెలవు దొరికిందంటే పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటారు. తమ కౌంటీ క్రికెట్ క్లబ్బుకి ఎప్పుడో ఆడి మానేసినవాళ్ళలో అందరికన్నా ఎక్కువకాలం బతికిందెవరు, ఇంకా ఎవరైనా బతికున్నారా, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నారు... ఇదీ వాళ్ళ అన్వేషణ. దీనివల్ల చేతికి పైసా రాదు. తిరుగుడికి ఖర్చు తమదే. దొరికింది ఏ చిన్న పత్రికలోనో నాలుగు వాక్యాలుగా అచ్చయితే అదే పదివేలు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట వచ్చే మాట ఒకటే. "ఎవడెన్నాళ్ళు బతికితే మనకేమిటండీ?" మావారయితే ఇంకో మెట్టు పైకెక్కి, "పరుగులు లెక్కపెట్టారు, వికెట్లు లెక్కపెట్టారు, వదిలేసిన క్యాచీలు కూడా లెక్కపెట్టారు. ఇంకేం మిగల్లేదు కాబోలు, ఊపిరి లెక్కపెడుతున్నారు" అన్నారు. బాగానే ఉంది, నవ్వొచ్చింది. నవ్వడం అయ్యాక ఆలోచిస్తే నాకు కోపం కూడా వచ్చింది.

నవ్వేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అంతకన్నా పెద్ద పేచీ వెతికేవాళ్ళతో ఉంది. క్రికెట్ గురించి నీకేం తెలుసమ్మా అని అడగబోయేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. నేను బి.ఏ. చదివినదాన్ని, నవలలు రాసుకునేదాన్ని. గూగ్లీకీ గుడ్‌లెంగ్తుకీ తేడా చెప్పమంటే తడబడతాను. కాని మనిషి ఆచూకీ ఎలా తప్పుతుందో, ఎవరి ఆచూకీ ముందు తప్పుతుందో మాత్రం నవలలు రాసేవాళ్ళకి కొంచెం తెలుసు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. పైస్థాయి క్రికెట్ ఆడే కౌంటీలు అక్కడ పద్దెనిమిది. ఒక్కొక్క క్లబ్బుకి నూరేళ్ళకి మించిన చరిత్ర. లండన్‌లోని మిడిల్‌సెక్స్ క్లబ్బు పుట్టింది 1864లో. ఇన్నేళ్ళలో ఒక్కో క్లబ్బుకి వందలమంది ఆడారు. అందులో పేరు మోసినవాళ్ళు ఏ కొద్దిమందో. మిగతావాళ్ళు ఒక వేసవిలో రెండు ఆటలాడి, ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయినవాళ్ళు. ఒక్క ఆట ఆడినా సరే, పేరు పుస్తకంలోకి ఎక్కేసినట్టే. అలా ఎక్కినవాడు తర్వాత ఏమయ్యాడో కనుక్కోవాలంటే మాటలా?

అక్కడ 1837 నుంచీ జనన మరణాలు రిజిస్టర్లలో రాస్తున్నారు. జనాభా లెక్కల కాగితాలు నూరేళ్ళు దాటాక అందరికీ చూపిస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికొచ్చాయి. వీలునామాల జాబితాలున్నాయి. 1969 నుంచి మరణాల పట్టికలో పుట్టిన తేదీ కూడా వేస్తున్నారు కాబట్టి ఆ తర్వాత పోయినవాళ్ళని పోల్చుకోవడం కాస్త తేలిక. విజ్డెన్ అనే క్రికెట్ పంచాంగం 1892 నుంచీ పోయినవాళ్ళ గురించి రాస్తూ వస్తోంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఈ స్మిత్ ఆ స్మిత్ కాదని తేల్చి, ఊరికి ఉత్తరం రాసి, ఆ ఊరి చర్చివాళ్ళనడిగి... నాకు మా పెద్దత్తగారు పెళ్ళి సంబంధాల కోసం ఏడు తరాలూ ఆరాతీసే పద్ధతి గుర్తొచ్చింది. ఆవిడని ఇంగ్లండు పంపించి ఉంటే ఒక్క ఆటగాడు తప్పించుకునేవాడు కాదు.

సరే, ఇంత వెతికితే ఎవరు దొరికారు? హాంప్‌షైర్‌కి ఆడిన ఎడ్వర్డ్ ఇంగ్లిష్ అనే ఆయన 1864 జనవరి 1న పుట్టి 1966 సెప్టెంబరు దాకా బతికాడు. నూటరెండేళ్ళ పైమాట. దక్షిణాఫ్రికా ఆటగాడు డి స్మిట్ 1986లో కొద్దిరోజుల తేడాతో ఆయన్ని దాటి వెళ్ళిపోయాడు. తర్వాత డెర్బీషైర్ ఆటగాడు జిమ్ హచిన్సన్. 2000 నవంబరులో పోయేనాటికి నూటనాలుగేళ్ళకి మూడు వారాలు తక్కువ. ఆయన్ని 2018లో దాటినవాడు జాన్ మానర్స్. నౌకాదళంలో అధికారి, వీలు చిక్కినప్పుడు హాంప్‌షైర్‌కి ఆడేవాడు. 2020 మార్చిలో నూటఅయిదేళ్ళు నిండి పోయాడు. పల్లెటూరి చేతివృత్తుల మీద పుస్తకాలు కూడా రాశాడు. రచయితలు త్వరగా పోతారని ఎవరన్నారు?

వీళ్ళందరిలోకీ నాకు నచ్చిన మనిషి వేరే ఉన్నాడు. సిరిల్ పెర్కిన్స్ అని, నార్తాంప్టన్‌షైర్ బౌలరు. 1934 నుంచి 1937 దాకా ఆ కౌంటీకి 56 ఆటలాడాడు. ఒక్కదాంట్లో కూడా ఆ జట్టు గెలవలేదు! చదివింది సరిగ్గానే చదివారు. ఆ రోజుల్లో నార్తాంప్టన్‌షైర్ 1935 మేలో ఒక ఆట గెలిచి, మళ్ళీ కౌంటీ పోటీల్లో గెలుపు మొహం చూసింది 1939 మేలోనే. పాపం పెర్కిన్స్ ఆటల్లో చాలావరకు ఆ కరువులోనే అయిపోయాయి. గెలుపెరగని ఆ మనిషి 2013 నవంబరు దాకా, నూటరెండేళ్ళు బతికాడు. పరుగుల లెక్క చూసేవాళ్ళ దృష్టిలో ఆయన ఎవరికీ అక్కర్లేని పేరు. ఆయన్ని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది, ఇదిగో, ఈ పనిలేనివాళ్ళే. "ఎవడెన్నాళ్ళు బతికితే మనకేమిటి" అనేవాళ్ళకి నా జవాబు పెర్కిన్స్. ఓడిపోయినవాడి ఇంటి తలుపు కూడా తట్టే లెక్క ఇదొక్కటే. ఇక నవ్వుకోండి.

ఇప్పుడు వెతికేవాళ్ళ వైపు తిరుగుతాను.

ఈ జాబితాకి "అత్యధికకాలం జీవించిన ఆటగాళ్ళు" అని పేరు పెడతారు. అక్కడే నాకు అభ్యంతరం. అది ఎక్కువకాలం బతికినవాళ్ళ జాబితా కానే కాదు. ఎవరి కోసం ఎవరో ఒకరు వెతికారో వాళ్ళ జాబితా. ఏ మారుమూల ఊళ్ళోనో, ఏ ఆస్ట్రేలియాకో వలస పోయో, నూట ఆరేళ్ళు బతికి చడీచప్పుడూ లేకుండా పోయినవాడు ఉండకూడదనేముంది? వెతకలేదు గనక లేడన్నమాట! ఇంట్లో తాళంచెవి పోతే దీపం ఉన్నచోటనే వెతికి, లేదమ్మా అని చేతులు దులిపేసుకునే పిల్లాడికీ దీనికీ తేడా ఏమిటి?

పైగా ఆ దీపం అందరిమీదా సమానంగా పడదు. ఇంగ్లండు క్రికెట్‌లో చాలాకాలం రెండు కులాలుండేవి. డబ్బు తీసుకోకుండా ఆడే దొరబాబులు, కూలికి ఆడే ఆటగాళ్ళు. ఇద్దరికీ వేరు గదులు, మైదానంలోకి వచ్చే గేట్లు కూడా కొన్నిచోట్ల వేరు. స్కోరు కార్డులో దొరబాబు పేరుకి ముందు పొడి అక్షరాలుంటాయి. కూలి ఆటగాడికి వెనకాల ఉంటాయి, లేదా అసలుండవు. మిడిల్‌సెక్స్ కుర్రాడు ఫ్రెడ్ టిట్మస్ పేరు కార్డులో పొరపాటున దొరబాబుల పద్ధతిలో అచ్చయితే, లార్డ్స్ మైదానంలో మైకులో సవరణ ప్రకటించారు! పొడి అక్షరాలు ముందు కాదు, వెనక చదువుకోండి అని. ఈ పంక్తిభేదం ఎత్తేసింది 1962 చివర్లో. ఇప్పుడు చెప్పండి. దొరబాబుకి పెద్ద బడి రిజిస్టరుంది, కాలేజీ రిజిస్టరుంది, వీలునామా ఉంది, బంధువులు దాచిన ఉత్తరాలున్నాయి. గనిలో పనిచేస్తూ రెండాటలు ఆడిన స్మిత్‌కి ఏముంది? ఆ దేశంలో స్మిత్ అంటే మన దగ్గర సుబ్బారావన్నట్టు. ఎంతమందిలో వెతుకుతారు? చివరికి ఆయుష్షులో కూడా దొరబాబులే ముందుంటారు, కాగితాల బలం వల్ల.

అది సగం సంగతి. అసలు సంగతి ఆడవాళ్ళది.

1911లో ముగ్గురు పుట్టారు. ఒకరు ఇందాక చెప్పిన పెర్కిన్స్. రెండోవాడు దక్షిణాఫ్రికా బౌలరు నార్మన్ గోర్డన్. డర్బన్‌లో 1939 మార్చిలో పది రోజులు ఆడినా తేలని టెస్టు ఒకటుంది, అందులో ఆడినవాడు. టెస్టు ఆడిన మగవాళ్ళలో నూరేళ్ళు నిండిన మొదటి మనిషి. 2014లో నూటమూడేళ్ళకి పోయాడు. "అత్యధికకాలం జీవించిన టెస్టు క్రికెటర్" అని లోకం కోడైకూసింది.

మూడో మనిషి ఎలీన్ వీలన్. 1937 నుంచి 1949 దాకా ఇంగ్లండుకి ఏడు టెస్టులాడింది. కౌంటీ స్థాయిలో మిడిల్‌సెక్స్ ఆడవాళ్ళ జట్టులో ఉండేది. యుద్ధకాలంలో గూఢచారి శాఖలో పనిచేసింది. 2021 డిసెంబరు 3న పోయింది. ఎంత వయసనుకున్నారు? నూటపది! గోర్డన్‌కి పేపర్లు కిరీటం పెట్టిన రోజుల్లో ఆవిడ నార్విచ్‌లో నిక్షేపంలా ఉంది. వయసులో ఆయనకన్నా మూడు నెలలే చిన్న. "మగవాళ్ళలో" అన్న ఒక్క మాట చేరిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? ఆడవాళ్ళు టెస్టులు మొదలుపెట్టింది 1934లో. అది పరిశోధకులకి తెలియని సంగతేమీ కాదు.

దీనికి వాళ్ళ దగ్గర జవాబుంది. "అమ్మా, అప్పట్లో ఆడవాళ్ళ క్రికెట్‌కి వేరే సంఘం ఉండేది. కౌంటీ క్లబ్బుకీ దానికీ సంబంధం లేదు. మేము రాసేది క్లబ్బు చరిత్ర." నిజమే, 1926లో వాళ్ళు వేరే సంఘం పెట్టుకున్నారు, 1998లో అది పెద్ద బోర్డులో కలిసింది. కాని ఎందుకు వేరే పెట్టుకున్నారు స్వామీ? ఈ క్లబ్బులు గడప తొక్కనిచ్చాయా? లార్డ్స్ యజమానులైన ఎం.సి.సి. వారు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది కూడా ఆ 1998లోనే. వంటింట్లోకి రానివ్వకుండా, నీకు వంట రాదని రాసినట్టుంది ఈ చరిత్ర. ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు, ఆవిడ మా ఇంట్లో లేదు గనక మా లెక్కలో రాయం అంటే, అది లెక్క ఎలా అవుతుంది?

మరో చిక్కు కూడా ఉంది. దీన్ని మగ పరిశోధకులు అంతగా పట్టించుకోరు గాని, మన ఆడవాళ్ళందరికీ తెలిసినదే. స్కోరు కార్డులో ఆవిడ పేరు వీలన్. పోయినప్పుడు పత్రికల్లో వచ్చిన పేరు ఎలీన్ ఆష్. పెళ్ళయింది, ఇంటిపేరు మారింది. ఆవిడ ఇంగ్లండుకి ఆడింది గనకా, నూరు దాటాక కూడా కారు నడుపుతూ యోగాసనాలు వేస్తూ అందరికీ తెలిసింది గనకా సరిపోయింది. కౌంటీకి రెండాటలాడి పెళ్ళి చేసుకుపోయినవాళ్ళ మాటేమిటి? పుట్టింటి పేరుతో ఆట, మెట్టినింటి పేరుతో చావు. మధ్యలో తీగ తెగిపోయింది.

ఇంతదూరం ఇంగ్లండు పోవడమెందుకు? మా పెద్దమ్మ కాలేజీలో బాల్ బాడ్మింటన్ ఆడేది. 1963లో తీసిన జట్టు ఫోటో ఇప్పటికీ ఇంట్లో ఉంది. పైట నడుముకి బిగించి, చేతుల్లో బ్యాట్లు పట్టుకుని, నవ్వకూడదని ఎవరో చెప్పినట్టు నిలబడ్డ అయిదుగురు అమ్మాయిలు. కింద "కుమారి" అనీ, పొడి అక్షరమనీ, పేరనీ. ఆ అయిదుగురిలో ఇద్దరి జాడ కనుక్కోవాలని నేనూ మా పెద్దమ్మ కూతురూ ఒక ఏడాది ప్రయత్నించాం. ఒకావిడ దొరికింది. రెండో ఆవిడ పొడి అక్షరం మారిపోయింది, ఊరు మారిపోయింది, అత్తవారింట్లో పెళ్ళయ్యాక పెట్టిన ముద్దుపేరే మిగిలింది. కాలేజీ రిజిస్టరులో తండ్రి చిరునామా తప్ప మరేం లేదు. ఆ తండ్రి పోయి ఎన్నేళ్ళో! మగపిల్లల జట్టయితే ఊళ్ళో ఎవరో ఒకరు "ఫలానావారి రెండోవాడు" అని చెప్పి ఉండేవారు.

2017 జూలై 23న లార్డ్స్‌లో ఆడవాళ్ళ ప్రపంచకప్ ఫైనలు జరిగింది గుర్తుందా? మన హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్ కెప్టెను, తొమ్మిది పరుగుల తేడాతో మనం ఓడిపోయాం. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆ ఆట మొదలయ్యే ముందు గంట కొట్టిన ముసలావిడ ఎవరో అప్పుడు మనలో ఎంతమంది గమనించాం? ఆవిడే ఎలీన్ ఆష్. నూటఅయిదేళ్ళ వయసులో తాడు పట్టుకుని గంట మోగించింది. గంట కొట్టడానికి పనికొచ్చిన మనిషి జాబితాకి పనికిరాకపోవడం ఏం న్యాయమో మీరే చెప్పండి.

మిడిల్‌సెక్స్ పేరు ఎత్తాను గనక మనవాడొకాయన గురించి చెప్పాలి. రూసీ కూపర్ అని బొంబాయి పార్శీ. పార్శీల జట్టుకీ బొంబాయికీ ఆడి, తర్వాత ఇంగ్లండు వెళ్ళి 1949 నుంచి 1951 దాకా మిడిల్‌సెక్స్‌కి ఆడాడు. తిరిగొచ్చి లాయరయ్యాడు. 2022 డిసెంబరులో నూరేళ్ళు నిండి, మరుసటేడు జూలై ఆఖర్న పోయాడు. నూరేళ్ళు నిండినప్పుడు పేపర్లవాళ్ళు ఏం రాస్తారో మీకు తెలుసు. "సెంచరీ కొట్టిన ఆటగాడు!" ఈ చమత్కారం మొదటిసారి రాసినవాడికి దండ వేయొచ్చు. వెయ్యోసారి రాసినవాడిని ఏం చేయాలి? తెలుగులో ఆ బాధ లేదు. మన భాషలో ఒకరికి నూరేళ్ళు నిండాయంటే అర్థం వేరు. శతాయుష్మాన్‌భవ అని దీవిస్తాం, నూరేళ్ళు నిండాయంటే ఉలిక్కిపడతాం. దీవెననీ శాపాన్నీ ఒకే అంకె మీద పెట్టిన జాతి మనది.

బొంబాయివాళ్ళని నేను తప్పుపట్టను. వసంత్ రాయ్‌జీ ఉండేవారు. ఆటగాడే కాదు, క్రికెట్ చరిత్ర రాసినాయన. మన సి.కె. నాయుడి మీద పుస్తకం రాసింది కూడా ఆయనే. 2020 జనవరిలో ఆయనకి నూరేళ్ళు నిండుతుంటే సచిన్ తెందూల్కర్, ఆస్ట్రేలియా స్టీవ్ వా కలిసి ఇంటికెళ్ళి కేకు కోయించారు. అదే ఏడు జూన్‌లో పోయారు. పూనాలో సంస్కృతం పాఠాలు చెప్పిన ప్రొఫెసరు దేవధర్ నూటొక్క ఏళ్ళు బతికితే, ఆయన ఉండగానే ఆయన పేరుమీద ట్రోఫీ పెట్టారు. వాళ్ళకి పట్టింపు ఉంది. మరి మనకో?

బుచ్చిబాబు నాయుడని మద్రాసులో ఒక తెలుగాయన ఉండేవాడు. నవలాకారుడు బుచ్చిబాబుగారు కాదు, ఆయనకన్నా ముందుతరం మనిషి. అసలు పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. మద్రాసులో తెల్లవాళ్ళ క్లబ్బుకి పోటీగా మనవాళ్ళకి క్లబ్బు పెట్టి ఆట నేర్పించాడు. 1908లోనే పోయాడు. ఆయన కొడుకుల్లో ఒకాయన్ని తల్లి తరఫు తాతగారు దత్తత తీసుకున్నారు. అందుకని ఇంటిపేరు మారి కోటా రామస్వామి అయ్యాడు. చూశారా, ఇంటిపేరు మారడం మగవాళ్ళకి కూడా అప్పుడప్పుడూ తప్పదు.

ఈ రామస్వామి కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. 1922లో డేవిస్ కప్పులో భారతదేశం తరఫున టెన్నిస్ ఆడాడు. మళ్ళీ 1936లో, నలభై ఏళ్ళు నిండాక, ఇంగ్లండులో రెండు క్రికెట్ టెస్టులాడాడు. మొదటిదాంట్లో 40, 60. రెండోదాంట్లో 29, ఆ తర్వాత అవుటు కాకుండా 41. నలభై దాటితే ఇక మెట్లెక్కలేమని మోకాళ్ళు పట్టుకునే నాలాంటివాళ్ళు ఈ అంకెలు రాసి అద్దానికి అతికించుకోవాలి.

1985 అక్టోబరు 15న, ఎనభైతొమ్మిదేళ్ళ వయసులో, ఆయన అడయారులో ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్ళాడు. తిరిగి రాలేదు. అంతే.

రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు పక్కన ఇప్పుడు ఉండే మాట, "1990 జనవరిలో మరణించినట్టు భావన." ఎవరు భావించారు? 1990 జనవరిలో ఏమైంది? మనిషి కనబడకుండా పోతే మన చట్టం కూడా ఏడేళ్ళు ఓపిక పడుతుంది, ఆ తర్వాతే పోయాడనుకోమంటుంది. ఆ లెక్కన 1992 అక్టోబరు దాకా ఆయన బతికున్నట్టే. క్రికెట్ పుస్తకానికి అంత ఓపిక కూడా లేకపోయింది. గడి ఖాళీగా ఉంటే బావుండదని పూరించేశారు. నూరేళ్ళవాళ్ళ జాబితాలో రామస్వామి లేడు. ఉండే అర్హత ఆయనకుందో లేదో చెప్పగల మొనగాడు కూడా లేడు. ఇంట్లోవాళ్ళని నేను ఒక్క మాట అనను. వృద్ధులు దారితప్పిన ఇళ్ళలో ఎంత వేదన ఉంటుందో ఎరుగుదును. నేనడిగేది ఆటని నడిపినవాళ్ళని, ఆట గురించి రాసేవాళ్ళని, చప్పట్లు కొట్టిన మనల్ని. రెండు ఆటల్లో దేశానికి ఆడిన మనిషికి మిగిలింది "భావన" అన్న ఒక్క మాటేనా?

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చను. "బతికున్నవాళ్ళ వెంటపడి ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు అని అడగడం మర్యాదేనా? కొందరికి ఆ రోజులు గుర్తుచేసుకోవడమే ఇష్టం ఉండకపోవచ్చు." నిజమే. అలాంటివాళ్ళు వద్దంటే నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేయాలి. పేపర్లో వేయకూడదు, ఫోటో తీయకూడదు. కాని వద్దనడానికైనా ముందు ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి కదా! ఏటా నవంబరు వచ్చిందంటే మన పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకుకి పోతారు. నేనింకా బతికే ఉన్నాను నాయనా అని వేలిముద్ర వేసి వస్తారు. పింఛను ఇచ్చే ప్రభుత్వం సైతం ఏడాదికోసారి ఉన్నావా అని అడుగుతోంది. ఆట ఆడించుకున్న సంఘాలు ఆ పాటి చేయలేవా? డబ్బు లెక్క కోసం కాదు, ఉత్తినే అడగడానికి.

"మన దగ్గర రికార్డులెక్కడివండీ, పుట్టినతేదీలే సరైనవి కావు" అంటారు మరి కొందరు. అదీ నిజమే. మనకి జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం గట్టిగా వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టినవాళ్ళకి బళ్ళో చేర్చినప్పుడు పంతులుగారు వేసిందే పుట్టినరోజు. సగం ఊరు జూలై 1నే పుట్టింది. మా అమ్మమ్మ తన వయసు పుష్కరాలతో చెప్పేది, కృష్ణకి ఎన్ని పుష్కరాలు చూసిందో లెక్కవేసుకుని. ఇంగ్లండువాడికి రిజిస్టరు చూస్తే చాలు. మనం మనిషినే చూడాలి. ఆయన పోయాక కాగితంలో వెతుక్కుందామంటే ఆ కాగితం మన దగ్గర ఉండదు. అందుకే వాళ్ళకన్నా మనకే తొందర ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్తాను. ఆంధ్రా జట్టు రంజీ ట్రోఫీలో మొదటిసారి ఆడింది 1953-54లో. ఆ ఏడు ఆంధ్రాకి కెప్టెను సి.కె. నాయుడు. అప్పటికి ఆయనకి యాభైఎనిమిదేళ్ళు. ఆయన గురించి మనకి అన్నీ తెలుసు. 1895 అక్టోబరు 31న పుట్టాడని తెలుసు, 1967 నవంబరు 14న పోయాడని తెలుసు, విగ్రహాలున్నాయి, పుస్తకాలున్నాయి. ఆయన వెనకాల మైదానంలోకి నడిచిన కుర్రాళ్ళ మాటేమిటి? అప్పటికి ఇరవయ్యేళ్ళ వయసున్నవాడు ఈపాటికి తొంభై దాటి ఉంటాడు. ఉంటే ఏ విశాఖపట్నంలోనో, కొడుకు దగ్గర ఏ అమెరికాలోనో, ఎవరూ అడగరు గనక ఎవరికీ చెప్పకుండా కూర్చుని ఉంటాడు. యాభైఎనిమిదేళ్ళ నాయుడుగారు బంతి వదిలేస్తే తిట్టేవాడా, ఊరుకునేవాడా? రైల్లో ఏ తరగతిలో వెళ్ళేవాళ్ళు? రోజుకి బత్తా ఎంత ఇచ్చేవారు, అసలిచ్చేవారా? వీటికి జవాబు చెప్పగల మనిషి ఒక్కడైనా మిగిలి ఉంటే, క్రికెట్ సంఘంవారు ఈ ఆదివారమే ఎవర్నో ఒకర్ని ఆ ఇంటికి పంపించాలి. కేకు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. వెళ్ళినవాళ్ళు వచ్చేముందు, ఆ ఊళ్ళో ఆ రోజుల్లో ఆడిన అమ్మాయిలెవరైనా ఉన్నారేమో కూడా ఆయన్నడిగి, వాళ్ళ రెండు ఇంటిపేర్లూ రాసుకురావాలి.